అరుగు మీది తీర్పులు

విజయనగరంలో మా వీధి అరుగు మీద ఎండాకాలం సాయంత్రాలంటే చింతపండు వాసనే. మామ్మ కాళ్ళు బారజాపుకుని, ముందు గోనెపట్టా పరుచుకుని, రాతి మీద చింతకాయ పెట్టి ఒక్క దెబ్బకి పిక్క ఎగరగొడుతూంటే, పక్కింటి పిన్నీ, ఎదురింటి అత్తయ్యా, నెల్లిమర్ల జూట్ మిల్లు కార్మికుడి భార్యా చుట్టూ చేరి ఈనెలు లాగుతూ, వీధిన పోయే ప్రతి మనిషినీ ఓ కంట కనిపెట్టేవారు. నలుగురి చందాతో కట్టిన గుడి మెట్టు మీద తన పేరు చెక్కించుకున్న పెద్దమనిషి గొడుగు టకటకలాడించుకుంటూ వెళ్తే, మామ్మ తల ఎత్తకుండానే "అత్త సొమ్ము అల్లుడు దానం" అనేది. అంతే, ఆయన జాతకం అక్కడితో సరి.

సామెతకి జాలి తక్కువ. మనిషిని ఒక్క ఊపిరిలో తూచి పక్కన పెట్టేస్తుంది. తూకం తప్పదు గానీ, ఆ మనిషి ఇంటికెళ్ళి తలుపేసుకున్నాక ఏమౌతాడో దానికి పట్టదు.

చిన్నాన్నది ఇంకో దారి. మా ఊరి కాలేజీలోనే చదువుకున్న ఆరుద్ర కూనలమ్మ పదాలు ఆయనకి కంఠతా. మూడు పాదాలకి ప్రాస కుదిర్చి, నాలుగో పాదంలో కూనలమ్మని పిలిచే ఆ పద్ధతిలో వీధిలో అందరి మీదా పదాలు కట్టేసేవాడు. ప్రాస దొరక్కపోతే మనిషి గుణాన్నే కాస్త మార్చేసేవాడు.

ఇప్పుడక్కడ అరుగు లేదు, కాలవ మీద సిమెంటు పలకలున్నాయి.

ఓ సాయంత్రం చిన్నాన్న చాసో కథ చదివి వినిపించాడు, 'ఎందుకు పారేస్తాను నాన్నా'. చదువు మానిపించిన కుర్రాడు తండ్రికి చుట్టలు తేవడానికి బయల్దేరితే దారిలో హైస్కూలు తగులుతుంది. కథ అయిపోయింది. మామ్మ నోట సామెత రాలేదు.

"ఆ గుంటడు మళ్ళీ బడికెళ్ళేడా?" అంది పిన్ని.

"రాయలేదు."

"రాసినాయన మన ఊళ్ళోనే ఉన్నాడు గదా, వెళ్ళి అడగరాదూ?"

అడగడం ఎందుకని వాళ్ళే పూర్తి చేయడం మొదలెట్టారు. పిన్ని మేష్టారి చేత ఫీజు మాఫీ చేయించింది. అత్తయ్య ఆ కుర్రాడి తల్లి మెళ్ళో గొలుసు తాకట్టు పెట్టించి పుస్తకాలు కొనిపించింది. వాళ్ళాయన ఎప్పుడో విడిపిస్తానన్న అత్తయ్య గొలుసు సంగతి అరుగుకంతటికీ తెలుసు. మామ్మ మాత్రం ముందా తండ్రి చేత చుట్టలు మాన్పించమంది. తాతయ్య లోపల్నుంచి దగ్గేడు.

మిల్లు ఆయన భార్య అంతదాకా పలకలేదు. ఆ ఏడే పెద్దకొడుకుని బడి మానిపించి మిల్లులో పెట్టేరు.

"ఆ నాన్ననేటీ అనకండమ్మా," అంది, ఒళ్ళో ఈనెలు దులుపుకుంటూ. "చుట్టయినా నేకపోతే మనిషెలాగ బతుకుతాడు?"