గడియారం లేని పందెం

సూరత్ స్టేషను విడిచి వడోదర దిశగా సాగే పాసెంజరు బండి తాపీనది వంతెన దాటి, ఉత్రాణ్‌లో కొద్దిసేపు ఆగి, ఆ తరువాత కోసాడ్ చేరుతుంది. దూరప్రయాణపు ఎక్స్‌ప్రెస్ బండ్లు ఈ చిన్న స్టేషనును పట్టించుకోకుండా దూసుకుపోతాయి. పొలాల నడుమ పల్లెగా ఉండిన కోసాడ్ 2006లో సూరత్ నగరపాలక సంస్థ పరిధిలో చేరినది. ఆ ఏడాది ఆగస్టులోనే ఉకాయ్ జలాశయం నుంచి విడిచిన నీరు తాపీలో వరదై నగరంలో అధికభాగాన్ని ముంచెత్తినది. తరువాతి సంవత్సరాలలో ఏటి ఒడ్డు గుడిసెలవారికి ఇక్కడ బహుళ అంతస్తుల గృహాలు లేచినవి. వీధులకు పేర్లకు బదులు హెచ్-1, హెచ్-2 అనే గుర్తులే ఈ నివాసాలకు చిరునామా అయినవి.

గూడు దొరికినది, పని మాత్రం దూరమైనది. చీరల వ్యాపారమంతా నదికి ఆవల, రింగురోడ్డు బజారులో ఉన్నది. సూరత్ మరమగ్గాల వెనుక తెలంగాణ నుంచి వలసవెళ్ళిన పద్మశాలీల చెమట కూడా ఉన్నదని తెలుగు పాఠకులకు వేరే చెప్పనవసరం లేదు. వారి పిల్లలకోసం నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో సైతం పాఠశాలలు నడిపినది. అటువంటి మగ్గాలపై నేసిన చీర బజారుకెక్కేముందు అనేక గృహిణుల చేతులమీదుగా సాగుతుంది. అంచుకు లేసు కుట్టడం, మెరుపు రాళ్ళు అతకడం, మిగిలిన దారపు పోగులు కత్తిరించడం వారి వంతు. కూలి చీరకింతని లెక్క. పొయ్యిమీద అన్నం, ఒడిలో బిడ్డ, ముందు చీరల మూట: ఈ మూడింటి చుట్టూ వారి దినం తిరుగుతుంది. ఏ ఒక్కటి తప్పినా నష్టం వారిదే.

ఈ ప్రాంతపు మరొక వలస సౌరాష్ట్రది. వజ్రాల సానపట్టే పనికై వచ్చిన కాఠియావాడు కుటుంబాలు వరాఛా, కతార్‌గామ్ మొదలుకొని అమ్రోలీ, కోసాడ్ పరిసరాలవరకు వ్యాపించినవి. వారి జన్మభూమి అశ్వాలకు ప్రసిద్ధి. కాఠియావాడీ గుర్రపు చెవులు లోపలికి వంగి, కొనలు ఒకదానినొకటి తాకుతూ ఉంటాయి. గుజరాత్‌లో జరిగే అశ్వప్రదర్శనల అంశాలలో పీపాల పందెం కూడా ఒకటి. మూడు పీపాలను ముక్కోణంగా నిలిపి, గుర్రాన్ని వాటి చుట్టూ తిప్పుకొని వెనుదిరిగి రావాలి. ఈ క్రీడలో కేవలం వేగం చాలదు, మలుపు తెలియాలి.

ఈ పందేన్ని స్త్రీల క్రీడగా తీర్చిదిద్దినది అమెరికాలోని పశుపాలకుల సీమ. టెక్సాస్ రాష్ట్రంలోని శాన్ ఏంజెలో పట్టణంలో 1948లో 38 మంది స్త్రీలు కూడి తమకంటూ ఒక రోడియో సంఘం స్థాపించుకొన్నారు. పురుషుల పోటీలకు అలంకారంగా కాక, న్యాయమైన నిబంధనలతో, నిజమైన బహుమతులతో తామే పోటీ చేయాలన్నది వారి సంకల్పం. మొదటి రెండు పీపాల నడుమ 90 అడుగులు, అక్కడి నుంచి మూడవదానికి 105 అడుగులు ఉండాలని నియమం. కాలాన్ని సెకనులో నూరవవంతు వరకు లెక్కిస్తారు. పీపా పడిపోతే అయిదు సెకన్లు అదనంగా చేరుతాయి. అంతటితో గెలుపు ఆశ వదులుకోవలసినదే.

కొలరాడో రాష్ట్రానికి చెందిన క్రిస్టీ పీటర్సన్ 400 డాలర్లకు కొన్న ‘బోజో’ అనే గుర్రంపై 1994, 1996, 1997, 1998 సంవత్సరాలలో ప్రపంచ విజేత అయినది. రోడియో క్రీడాకారిణి జీవితమంటే నెలల తరబడి రహదారులమీద ప్రయాణం. వెనుక బండిలో గుర్రం, మనసులో ఇల్లు. క్రిస్టీ కుమార్తె జోర్డన్ బ్రిగ్స్, తానూ ఒక బిడ్డకు తల్లి అయినాక, 2021లో అదే బిరుదును సాధించినది. తల్లి చివరి విజయానికీ కుమార్తె విజయానికీ మధ్య 23 ఏళ్ళు గడిచినవి. జాతీయ తుదిపోటీలలో పీపాల పందేనికి పురుషుల పోటీలతో సమానమైన బహుమతి సొమ్ము లభించినది 1998లోనే. అంటే శాన్ ఏంజెలో సమావేశం జరిగిన అర్ధశతాబ్దికి!

గుజరాత్ గడ్డమీదా ఇటువంటి సంకల్పం ఒకటి మొలకెత్తినది. 1972లో అహమ్మదాబాదులో ఇలా భట్ ‘సేవా’ సంఘాన్ని ప్రారంభించినప్పుడు, యజమాని ఎవరో చెప్పలేని స్త్రీలకు కార్మిక సంఘమేమిటని ప్రశ్న ఎదురైనది. ఇంట కూర్చుండి కుట్టేది కూడా శ్రమేనని, ఆమె కూడా కార్మికురాలేనని ఆ సంఘం వాదించినది. 1996లో అంతర్జాతీయ కార్మిక సంస్థ గృహాధారిత శ్రమపై ఒక ఒడంబడికను ఆమోదించినది. భారతదేశం దానిని ఇంకా ధ్రువీకరించవలసి ఉన్నది.

రోడియో విజేతకూ కోసాడ్ గృహిణికీ సామ్యం సాహసంలో కాదు, మలుపులలో ఉన్నది. ఇల్లు, సంపాదన, సొంత ఆశ అనే మూడింటినీ పడనీయకుండా చుట్టిరావడం ఇద్దరికీ తప్పదు. కాని విజేత గడిపిన ప్రతి క్షణానికీ సాక్షిగా గడియారమున్నది, చప్పట్లు కొట్టే జనమున్నారు. సాయంకాలం కోసాడ్ మెట్లపై మూట దింపి గుత్తదారు మనిషి చీరలు లెక్కపెడతాడు. పోగు మిగిలిన చీర పక్కకు పోతుంది. దాని కూలి తెగిపోతుంది. ఎన్ని చీరలో అతడు లెక్కించగలడు. ఎన్ని గంటలు పట్టినదో అడిగేవారు లేరు. ఆ ప్రశ్న అడిగే రోజు రావడానికి ఇక్కడ కూడా అర్ధశతాబ్ది పట్టనక్కరలేదు.