సంతకం పెట్టాలంటే పొలానికి రావాలె
(మా తోట ముచ్చట్లు – 6)



"అన్నా, సేంద్రియంలో లాభం ఉందా?" అని చాలామంది తమ్ముళ్లు, చెల్లెళ్లు అడుగుతున్నారు. ఆ లెక్క తర్వాత చెప్తా. ముందు సర్టిఫికెట్ సంగతి చెప్పాలి. ఎందుకంటే అందులో కులం ఉంది.

మాది ఎకరం 20 గుంటల అసైన్డ్ భూమి. అమ్మ, నా సహచరి, నేను కలిసి వంగ, బెండ, బీర, గోరుచిక్కుడు వేస్తాం. బెండ రోజు విడిచి రోజు కోయాల్సిందే, ఆగితే ముదురుతుంది. నూగుకు చేతులు దురద పెడతాయని అమ్మ పాత చొక్కా తొడుక్కుని కోస్తుంది. సేంద్రియం అంటే "పూర్వీకుల జ్ఞానం" అని మీటింగుల్లో చెప్తుంటారు. ఎవరి పూర్వీకులు? మా నాయన జీతమున్న ఇంట్లో పెంట తట్టలు మోసింది మా అమ్మ. ఏ చెలకకు ఎంత పెంట పడాలో ఆమెకు తెలుసు. పట్టా మాత్రం దొర పేరు మీద ఉండేది.

ఇక సర్టిఫికెట్. బయటి సంస్థతో తనిఖీ చేయించుకునే ఖర్చు మా వల్ల కాదు. అందుకే పీజీఎస్-ఇండియా దారి పట్టాం. కనీసం ఐదుగురు రైతులు గుంపు కట్టాలి. ఒకరి పొలం ఇంకొకరు తిరిగి చూసి సంతకం పెట్టాలి. మన దేశంలో ఈ పద్ధతికి మొదట్లో దారి వేసినవాళ్లలో జహీరాబాద్ వైపు దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ కూడా ఉంది. ఆ సంఘాల్లో ఎక్కువమంది దళిత మహిళలే.

ఇదంతా ఇరుగుపొరుగు నమ్మకం మీద నడిచే పద్ధతి. మరి మన ఊళ్లలో వాడకు ఇరుగుపొరుగు ఎవరు? మా గుంపులో వాడ నుంచి ముగ్గురం, ఊరి నుంచి ఇద్దరు. ఊరి రైతు పొలానికి మేం పోయినం. స్ప్రేయర్ ట్యాంకు మూత తీసి వాసన చూసినం. "మీరు నన్ను తనిఖీ చేసుడేంది?" అని ఆయన మొహం మాడ్చుకున్నడు. మా వంతు వచ్చేసరికి ఫోన్ చేసి, "కాగితాలు ఇంటికాడికి పట్టుకురా, సంతకం పెడత. నీ మీద నాకు నమ్మకమే" అన్నడు.

వినడానికి మర్యాదగానే ఉంది. కానీ ఆ ఇంట్లో నేను ఎక్కడిదాకా పోవచ్చో నాకు తెలుసు, వాకిలి దాకే. నా సహచరి ఫోన్ తీసుకుని, "సంతకం పెట్టాలంటే పొలానికి రావాలె పటేలా. రూల్ అదే" అంది.

మూడు వారాలకు వచ్చిండు. గట్లన్నీ తిరిగిండు. "పక్క పత్తి చేను మందు గాలికి మీ బెండ మీద పడుతలేదా?" అని అడిగిండు. మంచి ప్రశ్న. ఆ గట్టు పొడవునా జొన్న నాలుగు సాళ్లు దట్టంగా వేసినం. సంతకం పెట్టిండు. అమ్మ ఇచ్చిన మంచినీళ్లు మాత్రం ముట్టలేదు.

2011 జనగణన ప్రకారం దేశంలో ఎస్సీలు 16.6 శాతం. 2015-16 వ్యవసాయ గణనలో మన సాగు కింద ఉన్న భూమి 9 శాతం కూడా లేదు. సేంద్రియం మీద పరిశోధన చేసే తమ్ముళ్లు, చెల్లెళ్లు మట్టి నమూనాతో పాటు ఈ లెక్క కూడా తీయండి. ఆ గట్ల మీద ఎవరు ఎవరి పొలానికి నడిచి వస్తున్నారో, ఎవరింట్లో నీళ్లు తాగుతున్నారో రాయండి.

వచ్చే భాగంలో సంత లెక్కలు.