మెడికల్ షాపులో గట్టిగా చెప్పిన మాట

ఐప్పసి వానలు పట్టుకున్నాయి, ఇంటింటా ముక్కులు కారుతున్నాయి. అందుకని ఈసారి మందుల సంగతి రాస్తున్నాం. మేమంటే ఇంట్లో పెద్దవాళ్ళం ఇద్దరం: రైల్వే పార్సిల్ ఆఫీసులో గుమాస్తాగా రిటైరైన ఒకరు, ఆయన్ని ఇన్నాళ్ళు భరించిన ఇంకొకరు. చదువు తమిళంలో, మాట తెలుగులో. రాతలో తప్పులుంటే సర్దుకోండి.

మా మనవడికి పదేళ్ళు. వాడికి ఏడీహెచ్‌డీ ఉందని డాక్టరు చెప్పి రెండేళ్ళయింది. పొద్దున టిఫను కాగానే మిథైల్‌ఫెనిడేట్ మాత్ర ఒకటి. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందు అది. అది మొదలుపెట్టాక వాడు ఒక లెక్కను మొదటినుంచి చివరిదాకా కూర్చుని చేస్తున్నాడు. కానీ చుట్టాలకు చెప్పవద్దని కోడలు అడిగింది. పిల్లవాడికి పిచ్చి మందు ఇస్తున్నారంటారని దాని భయం. ఆ భయం ఉత్తది కాదు, మన నోళ్ళు మనకు తెలియనివా.

పోయిన నెల వాడికి జలుబు చేసింది. ముక్కు దిబ్బడ, రాత్రంతా నోటితోనే ఊపిరి. మెడికల్ షాపుకు వెళ్తే కుర్రవాడు నాలుగు మాత్రలు కత్తిరించి ఇచ్చాడు. లేబులు చదవనిదే ఏదీ తీసుకోకపోవడం పార్సిల్ ఆఫీసు అలవాటు. చీమ తలకాయంత అక్షరాల్లో పారాసిటమాల్, క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ అని ఉంది. పిల్లవాడు వేరే మాత్ర వాడుతున్నాడు, కలిపి ఇవ్వచ్చా అని అడిగాం. "ఒణ్ణుం ఆగాదు తాత్తా" అన్నాడు. ఏమీ కాదట. ఏ మాత్ర అని మాత్రం అడగలేదు.

మా వెనకాలే మన బంధువులావిడ నిలబడి ఉంది. ఒక నిమిషం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. తర్వాత గట్టిగానే చెప్పాం, ఏడీహెచ్‌డీకి మిథైల్‌ఫెనిడేట్ అని. లోపలున్న పెద్ద ఫార్మసిస్టు లేచి వచ్చి ఆ మాత్రలు వెనక్కి తీసుకున్నారు. ఉప్పునీటి చుక్కల మందు సీసా ఒకటి ఇచ్చి, డాక్టరుకు ఫోను చేయండి అన్నారు.

డాక్టరమ్మ ఓపికగా చెప్పింది. ముక్కు లోపలి సన్న రక్తనాళాలు ఉబ్బితే దిబ్బడ వేస్తుంది. ఫినైలెఫ్రిన్, సూడోఎఫెడ్రిన్ లాంటివి ఆ నాళాలను బిగిస్తాయి. మింగిన మందు ముక్కు దగ్గరే ఆగదు కదా, బీపీ పెరగవచ్చు, గుండె దడదడలాడవచ్చు. మనవడి మాత్ర కూడా బీపీని, నాడిని కొద్దిగా పెంచేదే. ఆటమాక్సెటిన్ అనే ఇంకో ఏడీహెచ్‌డీ మందూ అంతే. రెండూ కలిస్తే అందరికీ ముప్పు వస్తుందని కాదు, చాలామందికి ఏమీ కాకపోవచ్చు. గుండె జబ్బో బీపీయో ఉన్నవాళ్ళకు మాత్రం అది ఆటకాదు. అందుకే అడగకుండా కలపకూడదు. జలుబు కోసం పొద్దుటి మాత్రను మనంతట మనం ఆపనూ కూడదు. గుండెలో నొప్పి, దడ, కళ్ళు తిరగడం ఉంటే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

ఇంకో విచిత్రం. నోటితో మింగే ఫినైలెఫ్రిన్ ముక్కు దిబ్బడకు పనిచేయదని అమెరికా ఎఫ్‌డీఏ సలహా సంఘం 2023లో తేల్చింది. మన దేశంలో కూడా అదే ఏడాది, క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిపిన మందును నాలుగేళ్ళలోపు పిల్లలకు వాడకూడదని లేబులు మీద వేయమన్నారు. పనికిరాని దానికోసం పిల్లవాడి గుండెను ఎందుకు పరుగెత్తించాలి?

ముక్కులో వేసే జైలోమెటాజొలిన్ చుక్కలు కూడా రక్తనాళాలను బిగించేవే, వాటికీ అడగాలి. నాలుగైదు రోజులు దాటి వేస్తే దిబ్బడ మళ్ళీ ఎక్కువవుతుంది. ఉప్పునీటి చుక్కలకు ఈ గొడవేమీ లేదు. మనవడికి వారంలో తగ్గిపోయింది.

బీపీ మాత్రలు మింగే మన వయసువాళ్ళకు కూడా ఆ జలుబు మాత్రలతో ఇదే చిక్కు. షాపుకు వెళ్ళేటప్పుడు రోజూ వేసుకునే మందుల చీటీ జేబులో పెట్టుకోండి.

ఆ బంధువులావిడ రెండు రోజుల తర్వాత ఇంటికి వచ్చింది. పిచ్చి మాట ఎత్తలేదు. ఆ డాక్టరమ్మ ఏ రోజుల్లో చూస్తుందని అడిగి రాసుకుని వెళ్ళింది. ఇదంతా పెట్టే ముందు కోడలికి చదివి వినిపించాం. పిల్లవాడి పేరు వేయకండి మామా, మిగతాది పెట్టండి అన్నది.