దీపం ఆరితే రైలు ఆగాలె!

మహబూబ్‌నగర్‌లో మా మేడ మీది గదిలో రోజూ రెండుసార్లు పొద్దుగూకుతుంది. ఒకటి కిటికీ బయట. అది దేవుడి పని. రెండోది బల్ల మీద. అది నా పని!

కంప్యూటర్‌లో ఒక మీట నొక్కుతాను. బల్లకు పైన కట్టిన దీపాల పట్టీ తెలుపు నుంచి పసుపుకీ, పసుపు నుంచి నారింజకీ, చివరికి ముదురు నీలానికీ మారుతుంది. అప్పుడు స్టేషన్ మాస్టరు గదిలో చిన్న బల్బు వెలుగుతుంది. తర్వాత టికెట్ల కిటికీ, చాయ్ బండి, ప్లాట్‌ఫాం మీది నాలుగు దీపాలు... అన్నీ వేలెడంతే. ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉన్న ప్లైవుడ్ షీటు మీద నేను కట్టుకున్న మీటర్ గేజ్ స్టేషన్ ఇది. దేవరకద్ర దాటాక వచ్చే ఓ చిన్న స్టేషన్‌ని గుర్తు చేసుకుని కట్టాను. ఎందుకంటే నా బాల్యమంతా అక్కడే గడిచింది. మా నాయిన ఆ స్టేషన్‌లో లాంప్‌మ్యాన్.

ఈ తరం పిల్లలకి ఆ ఉద్యోగం పేరే తెలియదు. సికింద్రాబాద్ నుంచి గద్వాల మీదుగా కర్నూలు వెళ్లే మార్గం అప్పట్లో మీటర్ గేజ్. చిన్న స్టేషన్లలో సిగ్నళ్లంటే చేతుల్లాంటి రెక్కలు. రెక్క అడ్డంగా ఉంటే ఆగాలి, కిందికి వాలితే పోవచ్చు. రాత్రి రెక్క కనిపించదు కదా! అందుకే స్తంభం మీద కిరోసిన్ దీపం పెట్టేవారు. సాయంత్రం కాగానే మా నాయిన చిమ్నీ తుడిచి, వత్తి కత్తిరించి, నూనె పోసి, నిచ్చెనెక్కి దీపం పెట్టి వచ్చేవాడు. గాలివానకి అది ఆరిపోతే అర్ధరాత్రయినా గోనెసంచి కప్పుకుని మళ్లీ వెళ్లేవాడు. 1990లలో బ్రాడ్ గేజ్ వచ్చింది. కరెంటు సిగ్నళ్లు వచ్చాయి. నిచ్చెనలు పోయాయి.

ఉద్యోగం నుంచి రిటైరయ్యాక నాకు ఈ పిచ్చి పట్టుకుంది. పుణేలో 1998లో మొదలైన జోషీ గారి మినియేచర్ రైల్వే మ్యూజియం చూసి వచ్చాక అది ముదిరింది. జర్మనీలోని హాంబర్గ్‌లో 2001లో తెరిచిన మినియేచర్ వండర్‌లాండ్ అయితే మరీ అద్భుతం. అక్కడ పావుగంటకోసారి పగలూ రాత్రీ మారుతుంటాయి. లక్షల దీపాలు కంప్యూటర్ మాట వింటాయి. ‘అన్ని లక్షలు మనకెందుకు... నలభై చాలు’ అనుకున్నాను.

ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. ఇప్పుడు దొరికే ఎల్‌ఈడీల్లో ఒక రకం ఉంది. గింజంత దీపంలోనే ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ ఉంటాయి. వాటిని దండలా గుచ్చితే చాలు. కరెంటుకి రెండు తీగలు, కబురుకి ఒక తీగ. ఏడో దీపం పసుపుగా, పదో దీపం మసకగా ఉండాలని కంప్యూటర్ కబురు పెడుతుంది. మధ్యలో అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దదైన ఆర్డునో బోర్డు ఆ కబురు అందుకుని దీపాలకు చేరవేస్తుంది. ఒక్క జాగ్రత్త. పూర్తి తెలుపులో ఒక్కో దీపం దాదాపు 60 మిల్లీ యాంపులు తాగుతుంది. నలభైకి లెక్కేస్తే 2.4 యాంపులు. కంప్యూటర్‌లోని మామూలు యూఎస్‌బీ ఇచ్చేది అర యాంపే. అందుకే దీపాలకు వేరే 5 వోల్టుల సప్లై పెట్టాలి.

అంతా అయ్యాక నాయినని మెల్లగా మెట్లెక్కించి తీసుకొచ్చాను. ఎనభై ఏడేళ్ల మనిషి. కళ్లద్దాలు తుడుచుకుని సిగ్నల్ వైపే చూశాడు.

‘‘పచ్చదీపం గిట్ల ఉంటదారా? ఇది మెడికల్ షాపు బోర్డు లెక్క ఉంది’’ అన్నాడు.

నాకు ఉక్రోషం వచ్చింది. ‘‘పచ్చ పచ్చ లాగే ఉంటది కదా నాయినా!’’ అన్నాను.

‘‘నేను పెట్టింది పచ్చదీపం కాదు బిడ్డా. అద్దం నీలం, మంట పసుపు. రెండూ కలిస్తే దూరానికి పచ్చగ కనపడ్తది.’’

అవును కదా! కిరోసిన్ మంటలో పసుపే ఎక్కువ. అందుకే ఆ సిగ్నళ్ల ‘పచ్చ’ అద్దం పగటిపూట చూస్తే నీలంగా ఉండేది. ఆ రాత్రే ప్రోగ్రాంలో పచ్చరంగు తీసేసి, మంట రంగు రాశాను. ముందు నీలాకుపచ్చ చాక్లెట్ కాగితం అంటించాను. కొంచెం రెపరెపలాడేలా చేశాను. మర్నాడు చూసి ‘‘ఇగ అయింది’’ అన్నాడు. ఉద్యోగంలో ఏ పైఅధికారి మెచ్చుకున్నప్పుడూ నాకంత సంతోషం కలగలేదు.

అసలు సంగతి తర్వాత జరిగింది.

ఓ ఆదివారం చెల్లెలి పిల్లలూ మనవళ్లూ వచ్చారు. ప్యాసింజర్ సిగ్నల్ దాటి, స్టేషన్ దాటి, బల్ల చుట్టూ తిరిగి రావాలి. అది దాటగానే కంప్యూటర్ సిగ్నల్‌ని ఎర్రగా మార్చాలి. ఎర్రగా ఉంటే సిగ్నల్ ముందున్న పట్టాకి కరెంటు ఆగిపోతుంది, రైలూ ఆగుతుంది. ఈలోగా మనవడు స్టేషన్‌లో గూడ్సు పెట్టెలు నిలబెట్టాడు. సరిగ్గా అప్పుడే కంప్యూటర్ బిగుసుకుపోయింది. ఆ ఎల్‌ఈడీల గుణం ఏమిటంటే, కొత్త కబురు రాకపోతే పాత కబురునే పట్టుకుని వెలుగుతుంటాయి. సిగ్నల్ పచ్చగానే ఉండిపోయింది. రైలు వచ్చి గూడ్సుని గుద్దింది. రెండు పెట్టెలు ఎగిరి నేలమీద పడ్డాయి.

పిల్లలు చప్పట్లు కొట్టారు. నాయిన నవ్వలేదు. లేచి, గోడ పట్టుకుని కిందికి వెళ్లిపోయాడు.

రాత్రి అన్నం దగ్గర అడిగాడు.

‘‘సిగ్నల్ తీగె తెగితే రెక్క ఏమైతది?’’

‘‘ఏమైతది?’’

‘‘దానంతటదే అడ్డం పడ్తది. బరువు కట్టి ఉంటది. దీపం ఆరిందనుకో, డ్రైవర్ ఎర్రదీపమే అనుకొని ఆగాలె. నీ కంప్యూటర్ సచ్చిపోతే పచ్చదీపం ఎట్ల వెలుగుతదిరా?’’

నా దగ్గర జవాబు లేదు. ఆయనే చెప్పుకుంటూ పోయాడు. 1956 సెప్టెంబరులో జడ్చర్ల, మహబూబ్‌నగర్ మధ్య రాత్రి వంతెన కూలి రైలు పడిపోయింది. వంద మందికి పైగా చనిపోయారు. అప్పుడు రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి. రాజీనామా చేస్తానంటే నెహ్రూ వద్దన్నారు. నవంబరులో తమిళనాడులోని అరియలూరు దగ్గర మరో ప్రమాదం జరిగితే ఇక ఉండలేక తప్పుకున్నారు. జడ్చర్ల ప్రమాదం నాటికి మా నాయినకి నూనూగు మీసాల వయసు. ఊళ్లో ఏళ్ల తరబడి అదే మాట్లాడుకున్నారట. 2005 అక్టోబరు 29న అప్పటి నల్గొండ జిల్లా వలిగొండ దగ్గర వరదకి పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి డెల్టా ప్యాసింజర్ పడిపోయినప్పుడు, ఆయన రోజంతా టీవీ ముందు అన్నం ముట్టకుండా కూర్చోవడం నాకూ గుర్తుంది.

‘‘అవి దీపం తప్పులు కావు బిడ్డా, నీళ్ల తప్పులు. కానీ నేను దీపం పెట్టిన ప్రతి రాత్రి అవే యాదికొచ్చేవి. డబ్బాల పండుకున్నోళ్లకు లాంప్‌మ్యాన్ ఎవరో తెల్వదు.’’

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇన్నాళ్లూ దీపం ఎలా వెలగాలన్నదే ఆలోచించాను. నేను లేనప్పుడు, కంప్యూటర్ లేనప్పుడు అది ఏం చెప్పాలన్నది ఆలోచించనే లేదు.

వారం పాటు మళ్లీ రాశాను. ఇప్పుడు కంప్యూటర్ అర సెకనుకోసారి బోర్డుకి ‘నేనున్నాను’ అని చెబుతుంది. రెండు సెకన్లు ఆ మాట వినపడకపోతే బోర్డు ఇంకెవరినీ అడగకుండా సిగ్నళ్లన్నీ ఎర్రగా చేసేస్తుంది. పట్టాకి కరెంటు ఇచ్చే రిలేని కూడా తిప్పి కలిపాను. బోర్డు పట్టి ఉంచితేనే కరెంటు వెళ్తుంది, వదిలేస్తే ఆగిపోతుంది. అంటే బోర్డు చచ్చినా రైలు ఆగుతుంది. నాయిన చెప్పిన బరువే ఇది. కాకపోతే ఇనపది కాదు.

పరీక్ష ఆయనే పెట్టాడు. రైలు తిరుగుతుండగా వంగి, వణికే చేత్తో కంప్యూటర్ తీగ పీకేశాడు. ఒకటి... రెండు... సిగ్నళ్లన్నీ ఎర్రబడ్డాయి. ప్యాసింజర్ సిగ్నల్‌కి జానెడు దూరంలో ఆగింది. ఆయన ఏమీ అనలేదు. తీగ నా చేతికిచ్చి, నా భుజం మీద చెయ్యి వేశాడు.

మొన్న పిల్లలందరూ బల్ల చుట్టూ ఉండగా ఊళ్లో కరెంటు పోయింది. బల్ల మీది స్టేషన్, సిగ్నళ్లు, చాయ్ బండి... అన్నీ ఒక్కసారే చీకటి. పిల్లలు ‘‘అయ్యో’’ అన్నారు.

చీకట్లోంచి నాయిన గొంతు వినిపించింది.

‘‘ఏం కాదు. రైలు ఆగింది గదా!’’