రొయ్యా? పులసా?

కలకత్తాలో మోహన్ బగాన్ గెలిస్తే రొయ్యలకు గిరాకీ, ఈస్ట్ బెంగాల్ గెలిస్తే పులసకు. ఫుట్‌బాల్ మ్యాచ్ ఫలితం చేపల బజారులోనూ తెలిసిపోతుంది.

నన్ను ఆకట్టుకునేది ఆట కన్నా దాని వెనకున్న కథ. మోహన్ బగాన్ పుట్టింది 1889లో. 1911లో, ఒక్కరు తప్ప అందరూ వట్టికాళ్లతోనే ఆడి, బ్రిటిష్ సైనికుల జట్టును ఓడించి ఐఎఫ్ఏ షీల్డ్ గెలిచారు. ఈస్ట్ బెంగాల్ 1920లో వచ్చింది. దేశ విభజనలో పద్మా నది అవతల నుంచి కట్టుబట్టలతో వచ్చినవాళ్లకు, వదిలొచ్చిన నేల పేరు మోసే జట్టు సొంత మనిషిలా కనిపించింది. ఇళ్లు, ఊళ్లు పోయినవాడికి గోల్ అంటే గోల్ మాత్రమేనా?

ఆ అభిమానం వెర్రితలలు వేస్తే ఏమవుతుందో 1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో ఈ రెండు జట్ల మ్యాచ్‌లో తేలింది. గ్యాలరీలో కొట్లాట, తొక్కిసలాట. పదహారు మంది మళ్లీ ఇల్లు చేరలేదు.

2024 ఆగస్టులో అదే నగరం మరో ముఖం చూపించింది. ఆర్‌జీ కర్ ఆసుపత్రిలో యువ డాక్టరుపై అత్యాచారం, హత్య జరిగి ఊరు అట్టుడుకుతుంటే మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ తలపడాల్సిన డెర్బీ మ్యాచ్ రద్దు చేశారు. రెండు జట్ల అభిమానులూ సాల్ట్ లేక్ స్టేడియం బయట చేరి, ఒకే గొంతుతో న్యాయం అడిగారు. పోలీసుల లాఠీలకూ కలిసే ఎదురు నిలిచారు.

హీరోల కటౌట్ల దగ్గర కలబడే మన అభిమాన సంఘాలు ఈ రెండు ఆగస్టులనూ పక్కపక్కన పెట్టి చూసుకుంటే మంచిది.