మూడు చక్రాల బండికి నామోషీ ఎందుకు?

చిన్నప్పుడు పోలియో వచ్చి నా కుడికాలు చిక్కిపోయింది. మాగడి రోడ్డు నుంచి పీణ్యాకు డ్యూటీకి స్కూటరు మీదే పోతాను. వెనక చక్రానికి అటొకటి ఇటొకటి పక్కచక్రాలు బిగించిన బండి అది. లెక్కకు నాలుగైనా అందరూ మూడు చక్రాల బండి అనే అంటారు.

ఒకప్పుడు మన పేటలో ఇలాంటిది నాదొక్కటే. ఇప్పుడు ఇంకో నాలుగైదు కనబడుతున్నాయి. అయినా మా పెద్దనాన్న మాత్రం వద్దంటాడు. ముప్పై ఏళ్ళు మిల్లులో మగ్గాల ముందు నిలబడి మోకాళ్ళు అరగదీసుకున్న మనిషి. "అది అవిటోళ్ళ బండిరా, నలుగురూ ఏమనుకుంటారు?" అంటాడు. ఆ నలుగురి కోసం ఏడాదిగా గుమ్మం దాటడం లేదు.

ఇటలీలో పియాజియో వాళ్ళు 2006లోనే ముందు రెండు చక్రాలుండే ఎంపీ3 తెచ్చారు. యమహా 2018లో నైకెన్ అమ్మింది. కాళ్ళు బాగున్నవాళ్ళే రోడ్డు మీద పట్టు కోసం వాటిని కొంటున్నారు. మన మోటారు వాహనాల చట్టం కూడా 2019 సవరణలో 'ఇన్వాలిడ్ క్యారేజ్' అన్న మాట తీసి 'అడాప్టెడ్ వెహికల్' అని పెట్టింది. చట్టమే మాట మార్చుకుంటే మనకేం?

కొనేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోండి. ఆ బండ్లు మలుపులో ఒరుగుతాయి, మనవి ఒరగవు. జోరుగా తిప్పితే లోపలి చక్రం లేస్తుంది. మలుపు రాకముందే వేగం తగ్గించండి. వెడల్పు ఎక్కువ కాబట్టి సందుల్లో దూర్చకండి. చక్రాలు బిగించాలంటే ఆర్టీవో అనుమతి కావాలి, ఆర్సీలోనూ రాయించుకోండి.

పెద్దనాన్నా, ఈ పత్రిక నువ్వు చదువుతావని తెలుసు. ఆదివారం బండి తెస్తాను, కూర్చుని చూడు.