గ్రీజు గన్ను ముందు, లివరు తర్వాత

మట్టి తవ్వే పాత మిషన్ కొనడానికి పోయిన రోజు మా ఉస్తాద్ ముందుగా బానెట్ లేపి ఇంజన్ మీద అరచెయ్యి పెట్టారు. వేడిగా ఉంది. అమ్మేవాడి వైపు తిరిగి నవ్వారు. "రేపు పొద్దుగాల వస్తం. అప్పటిదాంక చాబీ పెట్టకు" అన్నారు. అంత దూరం పోయి ఊరికే తిరిగొస్తున్నామని నాకు చిరాకేసింది. దారిలో చెప్పారు: "మనం వచ్చే ముందే స్టార్ట్ చేసి పెట్టిండు బేటా. వేడి ఇంజన్ రోగం చెప్పదు."

మర్నాడు చలిలో స్టార్ట్ చేయించారు. కాసేపు తెల్ల పొగ వచ్చి పలచబడింది. నీలం పొగ వస్తే ఇంజన్ ఆయిల్ తాగుతున్నట్టు లెక్క, అది రాలేదు. తర్వాత బకెట్ నిండా మట్టి ఎత్తించి, బూమ్ పైనే ఉంచి, ఇంజన్ ఆపించి, టీ చెప్పమన్నారు. మేము టీ తాగేలోపు బూమ్ జానెడు కిందికి దిగింది. సిలిండరు సీళ్ళు పోయాయి, లేదా వాల్వులో లీకు ఉంది. ఆ జానెడు చూపించే ఆయన ధర తగ్గించారు. అవర్ మీటరు వైపు మాత్రం కన్నెత్తి చూడలేదు. పాత మిషన్ మీటరు గురించి నేనూ అంతకంటే ఎక్కువ చెప్పను.

నాది ఏడు టన్నుల చిన్న మిషన్. ఇనుప చైన్ల మీద నడుస్తుంది, ముందు బ్లేడు ఉంది. కంపెనీ ఏదైనా మా ఊళ్ళో అది 'చిన్న హిటాచీ'. ముసలోళ్ళు ఇప్పటికీ 'ప్రొక్లెయిన్' అంటారు. పొక్లెయిన్ అనేది ఒక ఫ్రాన్స్ కంపెనీ పేరని వాళ్ళకు తెలీదు, అవసరమూ లేదు. మా ఊరు సంతపూర్, బీదర్ జిల్లా ఔరాద్ తాలూకాలో ఉంది. 1956 దాకా ఇది హైదరాబాద్ రాష్ట్రమే కాబట్టి ఇక్కడ తెలుగు మాట్లాడితే ఎవరూ వింతగా చూడరు. పొద్దున రైతుతో కన్నడంలో కిరాయి మాట్లాడతాను, మధ్యాహ్నం హెల్పర్‌ను తెలుగులో తిడతాను, సాయంత్రం మెకానిక్‌ను ఉర్దూలో బతిమాలుకుంటాను.

మా వైపు నేల ఎక్కువగా నల్లరేగడి. ఎండాకాలం చెయ్యి పట్టేంత పగుళ్ళు, వానాకాలం బంక. తడి రేగడిలో పని చేసి సాయంత్రం అలాగే వదిలేస్తే, చైన్ తిప్పే స్ప్రాకెట్ పళ్ళ మధ్య, రోలర్ల చుట్టూ మట్టి రాత్రికి రాత్రే ఆరి రాయవుతుంది. పొద్దున బలవంతంగా కదిలిస్తే చైన్ మీద పడే లాగుడు అంతా ఇంతా కాదు. అందుకే చీకటి పడ్డా సరే, పార తీసుకుని చైన్లు గీకాకే ఇంటికి. రేగడిలో ఇంకో సంగతి. చైన్ కొంచెం వదులుగా ఉంచాలి, మట్టి ఇరుక్కుంటే దానంతటదే బిగుస్తుంది. మరీ వదులైతే అవతలి కొస చక్రం, ఐడ్లర్, మీంచి జారిపోతుంది. నాకు ఒకసారి జారింది, అదీ ఒర్రె మధ్యలో. బూమ్‌తో ఒక పక్క లేపి, చైన్ బిగించే అడ్జస్టరు గ్రీజు వదిలి, గడ్డపారతో మెల్లగా ఎక్కించేసరికి మధ్యాహ్నం దాటింది. ఆ గ్రీజు వాల్వును ఒక్కసారిగా విప్పొద్దు, ముఖం ఎదురుగా పెట్టొద్దు. లోపల ఒత్తిడి తూటాలా ఉంటుంది.

నేర్చుకునే రోజుల్లో ఉస్తాద్ నన్ను తవ్వనివ్వలేదు. గట్టి నేల మీద సున్నంతో గీత గీసి, మట్టి లేవకుండా సున్నం మాత్రమే బకెట్‌తో గీకమన్నారు. బూమ్, ఆర్మ్, బకెట్ మూడూ ఒకేసారి, ఒకే లయలో కదిలితే తప్ప అది రాదు. మొదటి వారం గీత ఉన్నచోట గుంటలు పడ్డాయి. మూడో వారంలో ఒక సాయంత్రం గీత పూర్తిగా చెరిగింది, నేల చెక్కుచెదరలేదు. ఆయన ఏమీ అనకుండా నా చేతిలో తన టీ పెట్టారు.

ఆ గర్వం ఎక్కువ రోజులు నిలవలేదు. ఒక పటేలు చేలో గట్టు పక్కన పని చేస్తున్నాను. మట్టి వెనక్కి పోయడానికి కేబిన్ అటు తిరిగి ఉంది. చైన్లు మాత్రం ఎక్కడివక్కడే ఉంటాయి కదా! ఆ సంగతి మరిచి ముందుకు పోదామని లివర్లు తోశాను. మిషన్ వెనక్కి నడిచి ఆయన తాతలనాటి రాతిగట్టు మీదికెక్కింది. పటేలు చెట్టు కింద కూర్చుని అంతా చూశాడు. "దున్నపోతు కూడా కాడి కట్టినాక ముందుకే నడుస్తది గదరా" అన్నాడు. ఆ గట్టు రాళ్ళు రెండు రోజులు నేనే పేర్చాను, కిరాయి లేకుండా. అప్పటి నుంచి నడిపే ముందు కిందికి వంగి చూస్తాను. స్ప్రాకెట్ వెనకుంటే లివరు చెప్పినట్టు వింటుంది, ముందుంటే ఎదురు తిరుగుతుంది. తవ్వేటప్పుడూ స్ప్రాకెట్ వెనకే ఉండాలి. తవ్వే దెబ్బ ట్రావెల్ మోటారు మీద పడకూడదు.

మా బతుకు నిలబెట్టింది కృషి హొండ, అంటే పొలంలో తవ్వే నీటి గుంట. కర్ణాటకలో 2014లో కృషి భాగ్య పథకం మొదలయ్యాక పొలాల్లో నీటి గుంటలకు గిరాకీ పెరిగింది. పైన 21 మీటర్ల చదరం, 3 మీటర్ల లోతు, ఎంత లోతో అంత వాలు వదిలి తవ్వితే దాదాపు 980 ఘనమీటర్ల మట్టి తీయాలి. నా బకెట్‌తో మూడున్నర వేల సార్ల పైమాటే. పెద్ద మిషన్ తొందరగా తవ్వేస్తుంది, ఒప్పుకుంటాను. కానీ గుంటలో ప్లాస్టిక్ షీటు పరుస్తారు. వాలు మీద ఒక్క రాయి మొన తేలి ఉన్నా షీటు చిరుగుతుంది. ఆ వాలు నునుపు చెయ్యడంలో సున్నం గీత పనికొచ్చింది. మొదటి గుంట నిండిన రోజు రైతు నన్ను పిలిపించి చూపించాడు. నీళ్ళ కంటే ముందు నేను అంచులే చూశాను.

బీదర్ దగ్గర పనికి పోతే రేగడి పోయి ఎర్రరాయి తగులుతుంది. బకెట్ పళ్ళు కరిగిపోతాయి. బీదర్ కోట కందకం ఆ రాతిలో తొలిచినదే, అదీ ఉలీ సుత్తీ చేతబట్టి. నౌబాద్ దగ్గర నేల కింది నీటి సొరంగం, కరేజ్, అదీ అంతే. ఎప్పుడైనా మిషన్ మొరాయిస్తే ఆ మనుషులు గుర్తొచ్చి నోరు మూసుకుంటాను.

ఇక నా పెద్ద తప్పు. హైడ్రాలిక్ ఆయిల్ తగ్గిందని చేలోనే టాంకు మూత తీశాను. గాలి, దుమ్ము. మూత చుట్టూ తుడవలేదు, పెట్టిన గరాటుకూ మట్టే. కొన్ని వారాలకు పంపు ఏడుపు మొదలైంది. విప్పి చూస్తే అద్దంలా ఉండాల్సిన చోట గీతలు. ఆ సీజన్ సంపాదన ఆ పంపుకే పోయింది. ఉస్తాద్ తిట్టలేదు. పంపు ముక్క ఒకటి నా చేతిలో పెట్టి వేలితో తడమమన్నారు, అంతే. పాత మిషన్ పనితో చావదు, దుమ్ముతో చస్తుంది. ఇప్పుడు నా దగ్గర గరాటుకు ఒక మూత, దానికో సంచి ఉన్నాయి. మా ఆవిడ ఊరగాయ జాడీని కూడా అంత జాగ్రత్తగా చూడదని నవ్వుతుంది.

హైడ్రాలిక్ పైపు లీకు చేత్తో వెతకొద్దు. సూది మొనంత రంధ్రం నుంచి వచ్చే ఆయిల్ చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది. గాయం చీమ కుట్టినంతే కనిపిస్తుంది, చెయ్యే పోవచ్చు. అట్టముక్క అడ్డం పెట్టి చూడు. పైపు విప్పాలంటే బకెట్ నేలకు దించు, ఇంజన్ ఆపు, లివర్లు నాలుగు వైపులా కదిలించి ఒత్తిడి దించు.

గ్రీజు మాత్రం రోజూ. బకెట్ పిన్నులకు ముందు. నిప్పిల్ తుడిచి గన్ను పెట్టి కొడుతుంటే, ముందు నల్లగా, ఇసుక కలిసిన పాత గ్రీజు బుష్షు అంచు నుంచి ఊరుతుంది. వేళ్ళ మధ్య నలిపితే గరగరమంటుంది. కొడుతూనే ఉండాలి. శుభ్రమైన కొత్త గ్రీజు సన్నని ఉంగరంలా చుట్టూ వచ్చాక ఆపాలి. ఎన్ని దెబ్బలని లెక్కపెట్టేవాడు ఆపరేటరు కాడు. నా మిషన్ బుష్షులు లేతు మీద ఇప్పటికి రెండుసార్లే చేయించాను.

ఉస్తాద్ ఇప్పుడు కేబిన్ ఎక్కలేరు, మోకాళ్ళు పోయాయి. అయినా మిషన్ రోడ్డు మీద నడిచి పోతుంటే చైన్ బోల్టు వదులైన సంగతి ఇంట్లోంచే విని ఫోన్ చేస్తారు. నేను నమ్మను, కానీ ఆగి చూస్తాను. సగంసార్లు ఆయనదే నిజం.

బూమ్ మళ్ళీ జారుతోంది, ఈసారి జానెడు కాదు, బెత్తెడే. సీలు కిట్టు హైదరాబాద్ నుంచి రావాలి. ఈ పని నేర్చుకుంటామని కుర్రాళ్ళు వస్తుంటారు. రండి, కాదనను. మొదటి నెల లివరు ఇవ్వను, పార, గ్రీజు గన్ను, తుడిచే గుడ్డ ఇస్తాను. సున్నం మీరే తెచ్చుకోండి.